యుద్ధ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు బస్తాలు లెక్కపెట్టండి

విజయవాడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి యుద్ధాలంటే పిచ్చి. స్టాలిన్‌గ్రాడ్ నుంచి కార్గిల్ దాకా యూట్యూబ్‌లో చూడని వీడియో లేదు. కానీ ఎవరైనా ఒక్క ఎదురు ప్రశ్న వేస్తే నీళ్లు నములుతున్నాను. పద్ధతిగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? యుద్ధాలు నిజంగా ప్రపంచాన్ని మార్చాయా, లేక రాజులు మారడమేనా? మా నాన్నగారేమో ఇది అన్నం పెట్టే చదువు కాదంటున్నారు."

నాది గుంటూరు. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. యుద్ధాల మీద డాక్టరేట్ లాంటిదేమీ లేదు. పిల్లల్ని వెంటేసుకుని కోటలెక్కడం, శాసనాల ముందు నిలబెట్టడం, వాళ్ల ప్రశ్నలకు అడ్డంగా దొరికిపోవడం, నా అనుభవమంతా ఇదే. మీరు నాకంటే చాలా చిన్నవాళ్లే అయి ఉంటారు, అయినా మొహం తెలియదు కాబట్టి మీరు అనే అంటాను.

ముందు సూటిగా జవాబు. మీ ఇంటికి వంద కిలోమీటర్ల లోపు జరిగిన ఒక్క యుద్ధం తీసుకోండి. దాన్నే ఆరు నెలలు చదవండి. ముందు తిండి సంగతి చూడండి, తర్వాత డబ్బు, ఆ తర్వాత నేల. కత్తులు, ఫిరంగులు చివర్న. రెండో ప్రశ్నకు జవాబు: మార్చాయి, చాలా మార్చాయి, కానీ మీరు వీడియోల్లో వెతుకుతున్న చోట కాదు. మూడోదానికి: మీ నాన్నగారు సగం కరెక్టు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

తిండి అని ఎందుకంటున్నానో చెప్పాలి. తొంభైల్లో ఒకరోజు క్లాసులో రాయచూరు యుద్ధం చెబుతున్నాను. 1520లో కృష్ణదేవరాయలు అక్కడికి తీసుకెళ్లిన సైన్యం గురించి న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు అంకెలు రాశాడు: 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. బోర్డు మీద ఈ అంకెలు రాసి, గర్వంగా వెనక్కి తిరిగాను. నరసరావుపేట వైపు నుంచి వచ్చే ఒక రైతు కొడుకు లేచి, "సార్, వీళ్లందరికీ వంట ఎవరు చేశారు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి పాఠంలోకి వెళ్లిపోయాను. ఇంటికెళ్లాక మాత్రం నవ్వు రాలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను.

మనిషికి రోజుకు కిలో గింజలు అనుకుందాం. ఏడు లక్షల మూడు వేల కిలోలు. మన ధాన్యం బస్తా 75 కిలోలు కాబట్టి రోజుకు 9,300 పైచిలుకు బస్తాలు. పది టన్నుల లారీలైతే రోజుకు డెబ్బై. లారీలు లేవు, ఎద్దులున్నాయి. ఒక్కో ఎద్దు మీద వంద కిలోలు వేసినా రోజుకు ఏడు వేల ఎద్దులు దిగాలి. మర్నాడు మళ్లీ ఏడు వేలు. ఆ ఎద్దులు కూడా దారిలో మేయాలి, నీళ్లు తాగాలి. ఇక గుర్రాలు. గుర్రానికి మూడు కిలోల ఉలవలు అనుకుంటే అవే రోజుకు 1,300 బస్తాలు. ఏనుగుల జోలికి నేను పోలేదు.

మర్నాడు ఈ లెక్కంతా బోర్డు మీద వేశాను. మిర్చి సీజన్లో గుంటూరు యార్డు ముందు లారీల బారు చూసిన పిల్లలు, ఒక్కో బస్తా దించడానికి ఎంత మంది హమాలీలు కావాలో తెలిసిన పిల్లలు. వాళ్లకు వేరే వివరణ అవసరం లేకపోయింది. "ఈ అంకె అబద్ధమన్నా అయ్యుండాలి, లేదా ఇందులో వంటవాళ్లు, కూలీలు, బజారు జనం అందరూ కలిసి ఉండాలి" అని వాళ్లే తేల్చారు. న్యూనిజ్ యుద్ధమైన పదిహేనేళ్లకు, అందరి దగ్గరా విని రాసినవాడని అప్పుడు చెప్పాను. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చెప్పిన మొదటి యుద్ధ పాఠం బహుశా అదే.

పాత పుస్తకాల్లో సైన్యం సంఖ్య కనిపించినప్పుడల్లా ఈ లెక్క వేయడం అలవాటు చేసుకోండి. సగం బడాయిలు అక్కడే రాలిపోతాయి.

ఇప్పుడు మీకు దగ్గరి యుద్ధం. నేనైతే కొండవీడు ఎంచుకోమంటాను. ఫిరంగిపురం దగ్గర, గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. రెడ్డి రాజుల రాజధాని, తర్వాత ఒడిశా గజపతుల చేతికి వెళ్లింది. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి పట్టుకున్నాడు. గజపతి కొడుకు వీరభద్రుడు కోటలో దొరికిపోయాడు. ఇది మనకు ఎలా తెలుసు? మంగళగిరిలో రాతి స్తంభం మీద శాసనం ఉంది. శక సంవత్సరం 1437, ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం నాడు మంత్రి తిమ్మరుసు కొండవీడు పట్టుకున్నాడని తిథి వారాలతో సహా ఉంది. ఇంగ్లీషు లెక్కలో 1515 జూన్ 23. మన లెక్కలో తొలి ఏకాదశి.

పిల్లల్ని మొదటిసారి ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నాకు ఆ తేదీ ఒక తేదీయే. రెండోసారి ఒకమ్మాయి, "తొలి ఏకాదశి అంటే దుక్కి దున్ని విత్తనాలు వేసే రోజులు కదా సార్, అప్పటికి మావూళ్లో బండి కదలదు" అంది. ఆలోచించండి. కొండవీడు చుట్టూ నల్లరేగడి. నాలుగు వానలు పడితే ఆ నేల మీద ఎద్దు కాలు దిగబడిపోతుంది. కొండ మీద ఉన్నవాళ్లకు చెరువులున్నాయి, ఇప్పటికీ చూడొచ్చు. కింద ముట్టడి వేసినవాళ్లకు ఇంకో నెల ఆగితే బురద, జ్వరాలు, తిండికి కటకట. కోట సరిగ్గా ఆ సమయానికి పడింది. వానల భయమే తిమ్మరుసును తొందరపెట్టిందని శాసనం చెప్పదు, అది నా ఊహ. కానీ నేలను చూడకపోతే ఆ ఊహ కూడా రాదు. అందుకే నడవమంటాను. ఘాట్ రోడ్డులో బండి మీద వెళ్లకండి, ఒక్కసారైనా కాలినడకన ఎక్కండి. నీళ్ల సీసా మోసుకుంటూ ఎక్కితే ఫిరంగి పైకి లాగడం అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

అదే కొండవీటిలో తిమ్మరుసు కాలం నాటి మరో శాసనంలో సుంకాల పట్టిక ఉంది. ధాన్యాల నుంచి ఉప్పు, మామిడి, వంకాయల దాకా దేని మీద ఎంత వసూలు చేయాలో రాసి ఉంది. విజయగాథ చెప్పే స్తంభం దగ్గర అందరూ ఫొటో దిగుతారు. నా దృష్టిలో యుద్ధం అసలు కథ వంకాయల సుంకంలో ఉంది. కోట పట్టుకున్నాక దాన్ని నిలబెట్టేది అదే.

తిండి కథకు మన ప్రాంతంలో ఇంకో కొస ఉంది. 1791 మే నెలలో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ముందు దాకా వెళ్లాడు. అరికెర దగ్గర టిప్పు మీద గెలిచాడు కూడా. గెలిచి, పెద్ద ఫిరంగుల్ని తన చేతులతోనే పగలగొట్టించి, వెనక్కి తిరిగాడు. ఎందుకంటే ఎద్దులు చచ్చిపోయాయి, సైన్యానికి తిండి లేదు. మరుసటి ఏడాది సరుకు మోసే బంజారాలను పెద్ద ఎత్తున కుదుర్చుకుని వచ్చాడు. టిప్పు సగం రాజ్యం వదులుకోవాల్సి వచ్చింది. ఆ బంజారాలే మన లంబాడీలు. మొగలులకు, నిజాముకు, మరాఠాలకు, ఇంగ్లీషువాళ్లకు అందరికీ ఎద్దుల బిడారాలతో ధాన్యం, ఉప్పు మోసినవాళ్లు. రైళ్లు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాలతో వాళ్లలో చాలామంది మీద నేరస్థుల ముద్ర పడింది. పల్నాడులో ఏ తండాకైనా వెళ్లండి, మీరు కూర్చున్న మంచం పక్కన రెండొందల ఏళ్ల సైనిక చరిత్ర ఉంటుంది. పాఠ్యపుస్తకంలో మాత్రం ఒక్క లైను ఉండదు.

ఇక డబ్బు. దీనికి బందరు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు, పైగా విజయవాడ నుంచి బస్సెక్కితే రెండు గంటల దారి. 1758 డిసెంబరు 7న చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించారు. అక్కడి నుంచి బందరు కోట ముందుకు చేరడానికి ఫోర్డ్‌కు మూడు నెలలు పట్టింది. దారిలో నదులు అడ్డొచ్చి కాదు. ఖర్చు భరిస్తానన్న ఆనందరాజు డబ్బు దగ్గర మొండికేశాడు. బందరు ముందు మార్చిలో తెల్ల సిపాయిలే, మా బాకీ ఇస్తేనే కదులుతాం అని ఎదురు తిరిగారు. మరోపక్క ఫ్రెంచివాళ్లకు మద్దతుగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో విజయవాడ దాకా వచ్చేశాడు. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకు సరిపడా మిగిలింది. ఇక దారి లేక ఏప్రిల్ 7 రాత్రి చిత్తడి నేలలో నడిచి కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కోట ఆయనది. లొంగిపోయినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ మంది.

మే నెలలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. కోస్తాలో ఫ్రెంచి ఆట ముగిసింది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు కూడా కంపెనీ చేతికి వెళ్లాయి. మీరు డిగ్రీలో ఇంగ్లీషు మీడియం ఎందుకు చదువుతున్నారు, ఫ్రెంచి మీడియం ఎందుకు కాదు అని ఎవరైనా సరదాగా అడిగితే, దానికి జవాబులో కొంత భాగం జీతం బకాయిల్లో ఉందని చెప్పొచ్చు. సరదాగానే సుమా, పరీక్షలో రాయకండి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. సర్వీసు మొదట్లో ఒక కాలేజీ మ్యాగజైన్‌కు బొబ్బిలి యుద్ధం మీద వ్యాసం రాశాను. 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయరామరాజు, రంగారావు, తాండ్ర పాపారాయుడు, అన్నీ ఉన్నాయి. ఆవేశం కూడా దండిగా ఉంది. బుర్రకథల్లో విన్నదాన్నే చరిత్రగా దించేశాను. ఉత్తరాంధ్ర నుంచి ఒక పెద్దాయన, ఆయనా మాస్టారే, కార్డు ముక్క రాశారు: "అయ్యా, బుస్సీ పేష్కషు (జమీందార్లు కట్టాల్సిన కప్పం) బకాయిల వసూలుకు బయల్దేరినవాడు. బొబ్బిలి మీద ఆయనకు సొంత పగ ఏమిటో మీకు ఎక్కడ దొరికింది?" నాకు ఎక్కడా దొరకలేదు. పగ విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్యది. బుస్సీ ఫిరంగులు ఆ పగకు అరువు దొరికాయి. ఆ కార్డు నా దగ్గర చాలా కాలం ఉంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ యుద్ధాన్నైనా మూడు వైపుల నుంచి చదవాలి: గెలిచినవాడు, ఓడినవాడు, మధ్యలో సరుకు అమ్ముకున్నవాడు. బొబ్బిలికి జానపదుల కథ ఒక వైపు, ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాసింది ఇంకో వైపు. రెండూ వీరగాథలే, వీరులు వేరంతే. మూడో వైపు దొరకడం కష్టం. పన్నుల లెక్కలు, వర్తకుల ఉత్తరాలు, కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు), ఇలాంటివి వెతకాలి. గుంటూరు జిల్లా కైఫీయత్తులు తెలుగులోనే చదవొచ్చు. మీ అమ్మమ్మ గారి ఊరి పేరు కనిపిస్తే వదలబుద్ధి కాదు. కంపెనీ కాలం మద్రాసు ప్రభుత్వ రికార్డులు కావాలంటే చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అది ఇప్పుడే వద్దు, ఎంఏలో చూసుకోవచ్చు.

పల్నాడు యుద్ధం గురించి కూడా మీరు అడుగుతారని తెలుసు, గుంటూరు వాళ్లని అందరూ అడిగేది అదే. పన్నెండో శతాబ్దం, కారంపూడి, నాగులేరు. బ్రహ్మనాయుడు, నాగమ్మ. దీన్ని మొదటి యుద్ధంగా తీసుకోవద్దు. కథ మనకు ప్రధానంగా శ్రీనాథుడి పేరుతో ఉన్న కావ్యం ద్వారా తెలుసు. శ్రీనాథుడు యుద్ధమైన రెండొందల ఏళ్ల తర్వాతివాడు, కొండవీటి రెడ్ల ఆస్థానంలో పనిచేసినవాడు. ఏది పన్నెండో శతాబ్దం, ఏది పదిహేనో శతాబ్దం అని విడదీయడం నాబోటివాళ్లకే చేతకాదు. అయినా కారంపూడి తప్పకుండా వెళ్లండి, కార్తీక అమావాస్యకు. ఐదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎక్కడెక్కడి నుంచో వీరాచారం పాటించే కుటుంబాలవాళ్లు తమ పూర్వీకుల ఆయుధాలను మోసుకొస్తారు. ఒకసారి నా పక్కన నిలబడ్డ ముసలాయన కొంతాన్ని, అంటే తమ వీరుడి ఆయుధాన్ని, నాగులేట్లో కడుగుతూ, "మా వాడు ఇక్కడే పడ్డాడు" అన్నాడు. పోయిన ఏడాది సంగతిలా చెప్పాడు. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధం ఒక కుటుంబంలో బతికి ఉండడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: ఈ యుద్ధం మీద మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కులం తెలుసుకుని వాదన మార్చే జనం చాలామంది తగులుతారు. వాళ్లతో వాదనకు దిగితే ఆరు నెలలు అక్కడే అయిపోతాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న, ప్రపంచాన్ని మార్చాయా అన్నది. దీనికి నేను మన నోట్లో మాటలతో మొదలుపెడతాను. ఫిరంగి, తుపాకి, సిపాయి, బురుజు, కవాతు. ఒక్కటీ పుట్టుకతో తెలుగు మాట కాదు. ఫిరంగి అంటే అసలు అర్థం ఆయుధం కాదు, పరదేశి. యూరపు ఫ్రాంకుల పేరు అరబ్బీ, పారసీల మీదుగా మన దగ్గరికొచ్చి, వాడు తెచ్చిన ఆయుధం పేరైపోయింది. తుపాకి తురకల మాట. ఒక ఆయుధం ఎక్కడి నుంచి ఎలా నడిచి వచ్చిందో నిఘంటువే చెప్పేస్తుంది.

తర్వాత మీ ఊరి కృష్ణ. 1852 నుంచి 1855 వరకు విజయవాడ దగ్గర మొదటి ఆనకట్ట కట్టించిన ఓర్, మద్రాసు సైన్యంలో ఇంజనీరు. ఆయన వెనక ఉన్న ఆర్థర్ కాటన్ కూడా సైనిక ఇంజనీరే, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. ఆ కాలంలో సర్వే, వంతెన, కాలువ తెలిసిన చదువరులు కంపెనీకి సైన్యంలోనే ఉండేవాళ్లు. 1802లో మద్రాసు దగ్గర దేశాన్ని కొలవడం మొదలుపెట్టిన లాంబ్టన్ సైనికుడు. అమరావతి స్తూపాన్ని 1798లో చూసి లోకానికి చెప్పిన మెకంజీ సైనికుడు. మనల్ని జయించడానికి వచ్చిన యంత్రాంగమే మన పొలాలకు నీళ్లు, మన చరిత్రకు కాగితాలు మిగిల్చింది. దీనికి దండం పెట్టమని కాదు, తిట్టమనీ కాదు. నీళ్లొస్తే శిస్తు పెరుగుతుందని కూడా వాళ్లకు బాగా తెలుసు. 1832–33 కరువులో గుంటూరు ప్రాంతంలో జనం మలమల మాడి చచ్చిపోయిన తర్వాత ఇరవై ఏళ్లకు కదా ఆనకట్ట లేచింది.

దూరపు యుద్ధాలు మన చేలలోకి ఎలా వస్తాయో చూడండి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులు మూసేస్తే లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయి, ఇండియా పత్తికి రేటు ఎగబాకింది. మన గుంటూరు, కృష్ణా పత్తి కాకినాడ రేవు పేరుతో కోకనాడ పత్తిగా అమ్ముడుపోయేది. 1865లో అక్కడ యుద్ధం ఆగగానే ఇక్కడ రేటు కూలింది. లింకన్ పేరు కూడా వినని రైతులు ఆయన యుద్ధంతో లేచి, ఆయన యుద్ధంతో పడ్డారు.

ఇప్పుడు ఏ మిర్చి రైతు గట్టు మీదైనా ఉండే 45 కిలోల యూరియా బస్తా తీసుకోండి. గాలిలో నైట్రోజన్‌ను పట్టి అమ్మోనియా చేసే పద్ధతి జర్మనీలో హేబర్, బోష్‌లది. 1913లో ఫ్యాక్టరీ మొదలైంది. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. చిలీ నుంచి వచ్చే నైట్రేటును ఇంగ్లీషు నౌకాదళం ఆపేస్తే, ఎరువు కోసం పుట్టిన అమ్మోనియా పేలుడు మందుకు మళ్లింది. లేకపోతే జర్మనీ అన్నేళ్లు యుద్ధం చేయగలిగేది కాదు. అదే హేబర్ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్రె దగ్గర క్లోరిన్ విషవాయువు ప్రయోగాన్ని దగ్గరుండి చూశాడు. 1918 నోబెల్ కూడా ఆయనకే వచ్చింది. పురుగుమందుల కథ దీనికి తలకిందులు. 1936లో జర్మనీలో ష్రేడర్ పురుగుమందు కోసం వెతుకుతుంటే నరాల మీద పనిచేసే విషవాయువు దొరికింది. ఆ కుటుంబానికే చెందిన మందులు తర్వాత మన పత్తి చేలలోకి వచ్చాయి. పిచికారీ చేసి కళ్లు తిరిగి పడిపోయిన కౌలురైతును గుంటూరు ఆసుపత్రిలో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ప్రయోగశాలే.

ఒక్క జాగ్రత్త. "యుద్ధం లేకపోతే సైన్సే లేదు" అనే వీడియోల్ని నమ్మకండి. హేబర్ పద్ధతి యుద్ధానికి ముందే ఉంది. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ 1928లో, శాంతికాలంలో కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం దానికి డబ్బు, ఫ్యాక్టరీలు, తొందర ఇచ్చింది. యుద్ధం ఎక్కువగా చేసేది అదే: ఉన్నదాన్ని పరుగెత్తిస్తుంది. దేన్ని ఆపేసిందో మనకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అది కనిపెట్టాల్సినవాడు పాతికేళ్లకే ఏదో కందకంలో పోయి ఉంటాడు.

మీ తరం చూసిందే ఇంకోటి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన వారాల్లోనే మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ రేటు ఎక్కడికి పోయిందో మీ అమ్మగారిని అడగండి. అక్కడ మెడిసిన్ చదువుతున్న పిల్లల కోసం మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుండే ఉంటుంది.

మా ఇంట్లో అలాంటిది 1942. మా పెదతాత రంగం వెళ్లి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. ఇప్పటివాళ్లకు రంగం అంటే తెలియదు, రంగూన్. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్లు బాంబులు వేశారు, మార్చికల్లా ఊరు పడిపోయింది. ఓడలో చోటు దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటుకుంటూ నడిచారు. ఆయనా నడిచాడు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి కాబట్టి, ఇంటికి చేరినా యుద్ధం వెనకే వచ్చినట్టు అనిపించిందట. నాకు ఊహ తెలిసేసరికి ఆయన ముసలివాడు. యుద్ధం గురించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. కానీ పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా, కొత్త ఊళ్లో అడుగుపెట్టగానే ముందు బావి ఎక్కడుందో అడిగేవాడు. చూసొచ్చి, అప్పుడు కాళ్లు కడుక్కునేవాడు. మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం. బర్మా బియ్యం ఆగిపోవడం, రేషను, బెంగాల్ కరువు, ఇవన్నీ నేను తర్వాత చదివాను. ఆ దారిలో దాహంతో ఎంతమంది పోయారో చదివాక బావి సంగతి అర్థమైంది. అప్పటికి ఆయన లేడు. మీ ఇంట్లో ఇలాంటి ముసలివాళ్లు ఉంటే యుద్ధం గురించి అడగకండి, చెప్పరు. ఏం తినేవాళ్లు అని అడగండి.

సరే, మీ నాన్నగారి మాట. యుద్ధ చరిత్ర ఒక్కదాన్నే పట్టుకుంటే ఉద్యోగాలు తక్కువ, అది నిజం. మద్రాసు, పుణె, అలహాబాదు విశ్వవిద్యాలయాల్లో రక్షణ అధ్యయనాల శాఖలు ఉన్నాయి. ఎంఏ అక్కడ చేసి పరిశోధన వైపు వెళ్లొచ్చు. సైన్యంలోకే వెళ్లాలనుంటే డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో ప్రపంచ యుద్ధాలు, సరిహద్దుల మార్పులు సిలబస్‌లోనే ఉన్నాయి. ఇవేవీ కాకపోయినా నష్టం లేదు. నా శిష్యుడొకడు కార్న్‌వాలిస్ ఎద్దుల మీద సెమినార్ పేపర్ రాశాడు. ఇప్పుడు గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాడు. ఏప్రిల్లో మిర్చి లోడ్లు ఒక్కసారి వచ్చి పడినప్పుడు ఫోన్ చేసి, "సార్, ఎద్దులు చచ్చిపోతున్నాయి" అంటాడు. మీ నాన్నగారితో మాత్రం వాదించకండి. చేతిలో ఇంకో పని కూడా నేర్చుకుంటానని చెప్పి, నేర్చుకోండి. పటాలు గీసే జీఐఎస్ నేర్చుకుంటే రెండింటికీ పనికొస్తుంది.

మొదటి నెలకు పని చెబుతాను. ఒక ఆదివారం బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూడండి, అక్కడి పాత కత్తులు, కవచాలు ఎంత బరువుంటాయో, ఆ బరువుతో మే నెల విజయవాడ ఎండలో ఎంతసేపు నిలబడగలరో అంచనా వేయండి. ఇంకో ఆదివారం కొండపల్లి కోట. మూడోసారి మంగళగిరి స్తంభం. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అక్షరాలు తేలుతాయి, మధ్యాహ్నం ఏమీ కనబడవు. నాలుగో ఆదివారం కొండవీడు ఎక్కి, చెరువుల దగ్గర కూర్చుని, చేత్తో ఒక పటం గీయండి. వీడియోలు ఈ నెల చూడొద్దు.

కొండ దిగాక ఒక లెక్క వేసి ఇక్కడే రాయండి: పదివేల మంది, రెండు నెలల ముట్టడి, ఎన్ని బస్తాలు, ఏ ఊళ్ల నుంచి, ఏ దారిన. గుర్రాల ఉలవలు మర్చిపోవద్దు. అందరూ అక్కడే మార్కులు పోగొట్టుకునేవాళ్లు.